ముప్పై తొమ్మిది పైపుల ఎత్తు

దేవదానం దూరాన్ని అడుగుల్లో చెప్పడు. కిలోమీటర్లలో అసలే చెప్పడు. ఆయన లెక్కంతా పైపుల్లోనే. పైపంటే ఇరవై అడుగులు. మార్కాపురంలో ఆయన ఇంటి వెనకున్న సెల్ టవర్ ఎంతెత్తుంటుందని అడిగి చూడండి. ఓసారి తలెత్తి, కళ్లు చికిలించి, "ఆరు పైపులు. మీద ఇంకో అర ఉంటది" అంటాడు. పెళ్లిచూపులకు పోయినప్పుడు, బస్సు దిగి ఎంత దూరం నడిచినారు బాబూ అని వాళ్లు మర్యాదకు అడిగితే, "నలభై పైపులుంటదేమో" అన్నాడట. ఆ మాటను ఆయన భార్య స్వర్ణలత ఇరవై నాలుగేళ్లుగా మరిచిపోలేదు, ఇంకెవర్నీ మరిచిపోనివ్వలేదు.

అట్లాగని వింత మనిషేమీ కాడు. బోర్లలో మోటార్లు దించడం, చెడిపోతే పైకి లాగడం ఆయన పని. మూడుకాళ్ల స్టాండు, చైను కప్పీ, రెండు క్లాంపులు, ఒక ట్రాలీ ఆటో, తోడు ఇద్దరు మనుషులు. మోటారు కట్టి ఒక పైపు దించుతారు, క్లాంపుతో పట్టి ఆపుతారు, దాని మీద ఇంకో పైపు బిగించి మళ్లీ దించుతారు. దిగిన ప్రతి పైపుకూ ఆటో పక్క రేకు మీద సుద్దతో ఒక గీత పడుతుంది. కొనకనమిట్ల నుంచి హనుమంతునిపాడు దాకా, అటు పుల్లలచెరువు దాకా, ఏ చేలో బోరు ఎన్ని గీతల లోతో ఆయనకు నోటికి వచ్చు. మనుషుల పేర్లు మరిచిపోతాడు గానీ గీతలు మరిచిపోడు. "ఆ ముప్పై రెండు పైపులాయన లేడూ" అంటాడు, అదేదో ఇంటిపేరైనట్టు.

పని నేర్పింది జమాలుద్దీన్. మార్కాపురంలో ఆయనకు మోటార్ల రిపేరు దుకాణం ఉండేది. పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో వచ్చిన దేవదానానికి ఆయన మొదటి రోజే చెప్పిన మాట ఒకటుంది. "బరువెప్పుడూ కిందే ఉండాల బేటా. మోటారు కింద వేలాడితేనే పైపు నిటారుగా దిగేది. పైన బరువు పడితే వంకర పోతది, గోడకు రాసుకుంటది, పట్టేస్తది." ఉస్తాదు పోయి పన్నెండేళ్లయింది. ఆ మాట మాత్రం దేవదానం చేతుల్లో ఉండిపోయింది. దానివల్ల ఒక్క మోటారు కూడా ఆయన చేతి నుంచి జారి బోరులో పడలేదు. ఈ చుట్టుపక్కల అట్లా చెప్పుకోగలవాళ్లు ఇంకొకరుంటే చూపించండి.

ఆయన దగ్గర ఇంకో మాట కూడా ఉంది. అది ఎవరూ నేర్పింది కాదు, గాలిలో ఉన్నదే ఆయనకూ అంటుకుంది. బోరు వేస్తుంటే దుమ్ము తప్ప తడి తగలనప్పుడు, రైతు మొహం పాలిపోయి పక్కన నిలబడ్డవాళ్ల వైపు చూస్తాడు. రేపు మోటారు దించబోయేవాడు కాబట్టి దేవదానం వైపు కాస్త ఎక్కువగా చూస్తాడు. అప్పుడు దేవదానం అంటాడు: "ఇంకొంచెం పోతే పడొచ్చు." ప్రకాశం జిల్లా పడమటి వైపు నీళ్ల కంటే ధారాళంగా దొరికేది ఈ ఒక్క మాటే. బోరు బండివాళ్లు అంటారు, కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీటి జాడ చూసేవాళ్లు అంటారు, టీ కొట్టు ముందు కూర్చున్నవాళ్లు అంటారు. దేవదానం కూడా అన్నాడు. దయతోనే అన్నాడు. ఆ మొహాలు చూసి ఇంకేమీ అనలేక అన్నాడు.

శ్యామలమ్మతో నాలుగుసార్లు అన్నాడు.

శ్యామలమ్మది కొనకనమిట్ల దగ్గర పల్లె. భర్త పోయి ఎనిమిదేళ్లు. నాలుగెకరాల చేను, అందులో నూట ఇరవై బత్తాయి చెట్లు, దొడ్లో రెండు బర్రెలు. అన్నీ ఒక్కతే చూసుకుంటుంది. ఆ చెట్ల కోసమే నాలుగు బోర్లు వేయించింది. మొదటి మూడూ పలకరాయి పొడి కక్కి ఊరుకున్నాయి. నాలుగోది ఏడు వందల ఎనభై అడుగుల దగ్గర తడి తగిలి, చిటికెన వేలంత ధారతో రెండేళ్లు చెట్లను బతికించింది. ఈ మార్చిలో అదీ ఆగిపోయింది. మోటారు పైకి లాగడానికి దేవదానం వెళ్లాడు. ముప్పై తొమ్మిది పైపులు వరసగా పైకి వచ్చాయి. ఆఖరి పైపుకు కూడా తడి లేదు. మోటారుకు పట్టిన బురద ఎండి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది.

శ్యామలమ్మ అప్పటికే బోరు బండి ఏజెంటు క్రాంతి కుమార్‌తో ఫోన్లో మాట్లాడి ఉంది. అదే బోరును వెయ్యి అడుగుల దాకా దించుదామన్నాడట. పన్నెండు రోజులకు బండి వస్తుంది. దాని కోసం రెండు బర్రెల్నీ అమ్మేయాలి.

"ఇంకో రెండొందలే గదా పెద్దమ్మా అంటాండాడు ఆ పిల్లోడు," అంది. "నువ్వేమంటావు నాయనా?"

దేవదానం నోరు తెరిచాడు. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎండిన బురద వైపు చూశాడో, దొడ్లో నెమరేస్తున్న బర్రెల వైపు చూశాడో గానీ, మాట అక్కడే ఆగింది.

శ్యామలమ్మే మళ్లీ అంది. "అందరూ అంకెలు చెప్తారు. ఏడు వందల ఎనభై అంటారు, వెయ్యి అంటారు. నా చేలోనే బొక్క పెట్టి నాకు కనపడని దూరం చెప్తారు. అదెంతుంటదో ఒక్కసారి కంటికి చూపీ నాయనా, బర్రెల్ని తోలక ముందు. చూసినాక నేనే చెప్తా, పోవాల్నో వద్దో."

ఇదేం పెద్ద పని అనుకున్నాడు దేవదానం. మనుషుల్ని పిలిచి, పైకి లాగిన పైపులన్నిటినీ ఒకదాని తోక దగ్గర ఒకటి పెట్టించాడు. బోరు దగ్గర మొదలైన వరస బత్తాయి తోట దాటి, బాట దాటి, అవతలి కళ్లం దగ్గర ఆగింది. శ్యామలమ్మ దాని వెంట నడిచింది. కొంగు నడుముకు చుట్టి, నింపాదిగా, మూడు నిమిషాల్లో చివరికి చేరింది. వెనక్కి తిరిగి చూసింది. ఆమె మొహం తేటపడింది.

"ఇంతేనా?" అంది. "ఇంకో రెండొందలంటే ఆ యాప చెట్టు దాకా గదా! పొద్దున చెంబు పట్టుకుని పోయే దూరం. దీనికింత ఆలోచనేంది? బర్రెల్ని తోలేస్తా."

దేవదానం పైపుల వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఆమె అడిగింది చూపించాడు, తప్పు లెక్కేమీ చూపలేదు. అయినా ఇది అది కాదు. ఆ పైపుల్ని లాగేటప్పుడు ఆయన భుజాలకు తెలిసిన దూరం వేరు. పడుకోబెడితే కళ్లం దాకా వచ్చేది, నిలబెడితే ఎంత దాకా పోతుంది? ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాడు. నిలబెట్టి తనెప్పుడైనా చూశాడా? లేదే! ఆటో రేకు మీద గీతలు చూశాడు, అంతే. ఆమెకు చూపించడం తర్వాత మాట. ముందు తనకే తెలియదు. ఈ సంగతి తట్టాక ఆయనకు ఇక మనసు నిలవలేదు.

"బర్రెల్ని ఇప్పుడే తోలొద్దమ్మా," అన్నాడు. "బండి వచ్చేలోపల నిలబెట్టి చూపిస్తా."

"దేన్ని?"

"ఈ దూరాన్నే."

శ్యామలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఎండ దెబ్బ తగిలిందేమో అనుకుని మంచినీళ్లు ఇచ్చింది.

మర్నాడు దేవదానం ఒక హైస్కూల్లో మోటారు బాగుచేస్తున్నాడు. మైదానంలో సైన్సు టీచరు అనూరాధ పిల్లలకేదో చూపిస్తోంది. పెట్టెలో విడిభాగాలుగా వచ్చిన రాకెట్టు అది, ఆమే బిగించింది. మూరెడు పొడవు. తెల్ల ప్లాస్టిక్ సీసా, మీద ఎర్ర ముక్కు, వెనక మూడు రెక్కలు, ముక్కు లోపల మడిచిపెట్టిన చిన్న పారాచూట్. సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, బోర్లించి నిలబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టింది. తాడు లాగింది. బుస్సుమని నీళ్లు కిందికి చిమ్మాయి, సీసా పైకి లేచిపోయింది. పిల్లలు అరిచారు. దేవదానం చేతిలోని స్పానరు కింద పడింది.

"ఎంత పోయింది మేడం?"

"ఎనభై అడుగులు ఉంటుందన్నా."

"నాలుగు పైపులు," అన్నాడు దేవదానం తనలో తాను. మోటారు సంగతి వదిలేసి మైదానంలోకి వచ్చేశాడు. "దీన్ని పెద్దది చేస్తే ఎక్కువ పోతదా? అంత ఎత్తు పోయిందని మీకెట్ల తెలుసు? నీళ్లు కిందికి పోతే సీసా పైకెందుకు పోవాల?" పిల్లలు అడగని ప్రశ్నలన్నీ ఆయనే అడిగాడు. అనూరాధకు ఆ పూట ఆయనంత శ్రద్ధగల విద్యార్థి దొరకలేదు. ఎత్తు లెక్క చెప్పింది. బ్లాక్‌బోర్డు మీద వాడే పెద్ద చెక్క కోణమానినికి దారం కట్టి, దారానికి నట్టు వేలాడదీసి, దాని అంచు వెంట కన్ను పెట్టి చూడాలి. తలెంత ఎత్తాలో ఆ కోణమూ, మనమెంత దూరంలో నిలబడ్డామో ఆ కొలతా తెలిస్తే చాలు, ఎత్తు వచ్చేస్తుంది.

"నాకు ముప్పై తొమ్మిది పైపులు కావాల మేడం," అన్నాడు. ఎందుకో చెప్పాడు. శ్యామలమ్మ గురించి, బర్రెల గురించి, "ఇంతేనా" గురించి.

అనూరాధ నేల మీది సీసాను తీసుకుని నీళ్లు దులిపింది. తర్వాత, "అంత పోదన్నా. సగం పోయినా గొప్పే. కానీ సగం కనిపిస్తే మిగతా సగం ఊహించుకోవచ్చు కదా," అంది. ఆ రాకెట్టు కిట్టు ఆయన చేతిలో పెట్టి, కొలతలు తీసుకోమంది. ఒక్కటే షరతు పెట్టింది. "బోరు పైపుతో మాత్రం చేయొద్దు. గాలికి పగిలితే ముక్కలు ఎగిరొచ్చి గుచ్చుకుంటాయి. కూల్ డ్రింకు సీసాలే వాడండి. ముందు నిండా నీళ్లు పోసి ఒత్తిడి పెట్టి చూడకుండా ఎగరేయొద్దు."

ఆ వారం దేవదానం ఇంట్లో సంసారం ఆగిపోయింది. కిట్టులో ప్రతి ముక్కనూ టేపు పెట్టి కొలిచి, నాలుగుతో హెచ్చవేశాడు. రెక్క బెత్తెడు ఉంటే నాలుగు బెత్తెలు చేశాడు. పొడవు మూరెడు ఉంటే నాలుగు మూరలు. లావు మాత్రం సీసా ఎంతిస్తే అంత. రెండు లీటర్ల సీసాలు ఆరు తెచ్చి, వాటి అడుగు భాగాలు కోసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, గట్టి గమ్ము పూసి, నాలుగు రోజులు నీడలో ఆరబెట్టాడు. రెక్కలు పాత ఫ్లెక్సీ బోర్డు వెనకుండే తేలిక అట్టతో కోశాడు. స్వర్ణలత ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కిట్టులోని పారాచూట్ చూసి, "దీనికి నాలుగింతలంటే మన గొడుగులు రెండూ పోతాయి," అని గొణిగింది. గొణుగుతూనే రెండు గొడుగుల నల్లగుడ్డా విప్పి చక్కగా కుట్టి ఇచ్చింది. పోయిన వానాకాలం తడిసింది లేదు, వచ్చే వానాకాలం తడుస్తామన్న నమ్మకమూ లేదు, పోతే పోనీ అంది.

నీళ్ల పరీక్షలో ఒక అతుకు కారింది. మళ్లీ గమ్ము, మళ్లీ రెండు రోజులు. రెండోసారి చుక్క కారలేదు.

అంతా అయ్యాక దేవదానం దాన్ని నిలబెట్టి చుట్టూ తిరిగి చూశాడు. మనిషెత్తు ఉంది. దూది మూటంత బరువు కూడా లేదు. అది ఆయనకు నచ్చలేదు. ఇంత తేలిక వస్తువు గాలికి నిటారుగా ఎట్లా పోతుంది? చేతులు వాటంతట అవే సామాన్ల పెట్టెలోకి పోయాయి. పాత మోటారు తాలూకు ఇత్తడి కప్లింగు ఒకటి తీసి, రాకెట్టు తోక దగ్గర, రెక్కల మధ్యన, నాలుగు చుట్లు తీగ వేసి బిగించాడు. కిట్టుతో వచ్చిన కాగితం మీది బొమ్మలో ఆ ముక్క లేదు. ఉస్తాదు చెప్పినదాంట్లో ఉంది. బరువెప్పుడూ కిందే ఉండాలి.

ఆదివారం చర్చి అయ్యాక ఊరి బయట బీడులో మొదటి ప్రయోగం. స్వర్ణలత చీర కూడా మార్చుకోకుండా వచ్చింది. క్లాంపుతో మూతి పట్టి నిలబెట్టాడు. ఆటో టైర్లకు గాలి కొట్టే కంప్రెసరు, దానికి పొడవాటి గొట్టం. గాలి కొలిచే మీటరు ముల్లు ఎనభై దగ్గరికి వచ్చింది. తాడు లాగాడు.

లేచింది. లేవడం బ్రహ్మాండంగా లేచింది. రెండు పైపుల ఎత్తులో ఏమనుకుందో ఏమో, నడుం తిప్పింది. తోక ముందుకొచ్చింది, ముక్కు వెనక్కి పోయింది, మళ్లీ తిరిగింది. పిచ్చి పట్టినదానిలా గాలిలో రెండు గిరికీలు కొట్టి, నీళ్లు చిమ్ముకుంటూ నేరుగా స్వర్ణలత వైపు వచ్చింది. ఆమె చెప్పులు వదిలేసి పరిగెత్తింది. ఆమెకు ఒకటిన్నర గజాల వెనక కంపచెట్టులో పడింది.

"యో, నన్ను చంపాలనుంటే ఇంట్లోనే చెప్పొచ్చు గదా!" అంది, ఆయాసం తీరాక. చీర నిండా నీళ్లు. తర్వాత కంపలో ఇరుక్కున్న రాకెట్టు వైపు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏందయ్యా అది, తోకతో ఎక్కాలని చూస్తాండాది! తలకిందులుగా కట్టినావేమో చూడు."

ఆమె ఎగతాళికే అంది. దేవదానం మాత్రం అక్కడే చతికిలబడి ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. కంపలోంచి రాకెట్టు తీశాడు. రెండు అతుకులు నలిగాయి గానీ పగల్లేదు, రెక్క ఒకటి విరిగింది. దాన్ని చూపుడువేలి మీద అడ్డంగా పెట్టి, ఎక్కడ పడిపోకుండా నిలుస్తుందో చూశాడు. తోక దగ్గరే నిలిచింది.

వేలి మీద అట్లా నిలబెట్టడం ఆయన ఇదివరకు చేశాడు. చిన్నప్పుడు, పుల్లలచెరువు అవతల, చెంచు నాగయ్య తన బాణాన్ని ఆడుకోమని చేతికిచ్చినప్పుడు. బాణం ఎక్కడ నిలిచింది? ఇనుప ములికి దగ్గర. ఈకలు వెనక, ఇనుము ముందు. నాగయ్య బాణం ఏనాడూ తోకతో పోలేదు.

"వేలాడేదానికి బరువు కింద," అన్నాడు దేవదానం మెల్లగా. "ఎగిరేదానికి బరువు ముందర." ఇరవై తొమ్మిదేళ్లు ఒక మాట నిజమై ఉండి, రెండు పైపుల ఎత్తులో అబద్ధమైపోయింది. ఉస్తాదు తప్పు చెప్పలేదు. ఆయన దించే పని నేర్పాడు, ఇది ఎక్కే పని. దేవదానానికి ఓడిపోయినట్టు అనిపించాల్సింది. ఆశ్చర్యంగా, ఒంట్లోకి కొత్త రక్తం ఎక్కినట్టుంది.

సోమవారం అనూరాధ దగ్గరికి పరిగెత్తాడు. ఆమె వినీ వినగానే, "కొన్నప్పుడు వచ్చిన కాగితంలో ఇదే రాసి ఉందన్నా, మీకు చదివి చెప్పకపోవడం నా తప్పు," అంది. బరువు సరితూగే చోట తాడు కట్టి, తల మీదుగా గిరగిరా తిప్పి చూడమంది. ముక్కు ముందుండి తిరిగితే నిటారుగా పోతుంది. ఇత్తడి కప్లింగు తీసి ముక్కులోపలికి మార్చాడు. విరిగిన రెక్క అతికాడు, నలిగిన అతుకుల మీద ఇంకో పొర గమ్ము వేశాడు. మైదానంలో తాడుతో తిప్పాడు. ముక్కు ముందు పెట్టుకుని బుద్ధిగా తిరిగింది.

పదకొండో రోజు సాయంత్రం నాలుగింటికి, శ్యామలమ్మ చేలో. మర్నాడు పొద్దున బోరు బండి వస్తుంది. బర్రెల్ని కొనేవాళ్లు కూడా పొద్దున్నే వస్తామన్నారు.

నీళ్ల పరీక్ష మళ్లీ అయ్యాకే అనూరాధ ఒప్పుకుంది. దేవదానం రాకెట్టును ఎక్కడో కాకుండా, సరిగ్గా ఆ ఎండిన బోరు మూతి మీదే నిలబెట్టాడు. భూమిపైకి మూరెడు పొడుచుకొచ్చిన కేసింగు పైపుకే క్లాంపు బిగించాడు. దూరం ఎక్కడ మొదలై కిందికి పోయిందో, అక్కడే మొదలై పైకి పోవాలని ఆయన పట్టుదల. బోరు నుంచి పదిహేను పైపులు వరసగా పరిచి, వాటి చివర అనూరాధను కోణమానినితో నిలబెట్టాడు. స్వర్ణలత అంతకంటే దూరంగా, ఆటో వెనక నిలబడింది. ఎవరు చెప్పినా ముందుకు రాలేదు.

శ్యామలమ్మ తన బిందెతోనే నీళ్లు తెచ్చి పోసింది. తాగడానికి టాంకరు పోసి పోయిన నీళ్లు అవి. "జాగ్రత్తగా పంపించు నాయనా," అంది, ఎవరినో ఊరికి పంపుతున్నట్టు. తర్వాత దూరంగా వచ్చి దేవదానం పక్కన నిలబడింది.

తాడు లాగాడు.

ఈసారి అది ఎటూ చూడలేదు. నీళ్లు తెల్లగా కేసింగు మీదికి దూకాయి, రాకెట్టు మాత్రం అప్పటికే చెట్ల మీద ఉంది. మార్కాపురం సెల్ టవర్ ఎత్తు దాటింది. ఇంకా పోతోంది. శ్యామలమ్మ తల వెనక్కి వాల్చింది. కొంగు జారిపోయింది, పట్టించుకోలేదు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. మనిషెత్తు వస్తువు మూరెడైంది, జానెడైంది, అగ్గిపుల్లంత అయింది. అక్కడ ఒక్క క్షణం ఆగినట్టు కనిపించింది. ముక్కు ఊడింది. నల్లటి గుడ్డ చిన్న పువ్వులా విచ్చుకుంది.

"యాభై రెండు డిగ్రీలు!" అని దూరం నుంచి అరిచింది అనూరాధ. నోటుబుక్కులో లెక్క వేసుకుంటూ నడిచి వచ్చింది. "మూడు వందల ఎనభై నాలుగు అడుగులన్నా."

"పందొమ్మిది పైపులు," అన్నాడు దేవదానం. జీవితంలో మొదటిసారి పందొమ్మిది గీతలు నిలబడి కనిపించాయి. "అమ్మా, అది మన బోరులో సగం."

శ్యామలమ్మ కళ్లు దింపలేదు. నల్లగుడ్డ నింపాదిగా దిగి వస్తోంది, ఇంకా దిగుతోంది, ఎంతకీ రావడం లేదు.

"సగమా?" అంది. "ఇంతకు మీద ఇంకా ఇంతనా?"

"ఇంకా ఇంత. వాళ్లు చెప్పే వెయ్యంటే, దాని మీద ఇంకో పదకొండు పైపులు."

ఆమె నడిచి బోరు దగ్గరికి పోయింది. వంగి ఆ జానెడు బొక్కలోకి చూసింది. తలెత్తి పైకి చూసింది. మళ్లీ లోపలికి చూసింది. ఒక చిన్న రాయి తీసి లోపల వేసి, చెవి పెట్టింది. గోడలకు తగులుతూ పోయిన చప్పుడు సన్నగిల్లి సన్నగిల్లి ఆగిపోయింది. అడుగున పడిన చప్పుడేదీ పైకి రాలేదు.

"అంత దూరం పోతే నీళ్లు పడతాయా నాయనా?" అంది తలెత్తకుండానే. "నువ్వు చెప్పు."

ఇంకొంచెం పోతే పడొచ్చు. మాట సిద్ధంగానే ఉంది. అది నోట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. దేవదానం ఆకాశంలో ఇంకా కిందికి చేరని నల్లగుడ్డను చూశాడు.

"తెలీదమ్మా," అన్నాడు. "నాకు ఎప్పుడూ తెలీదు. మీరంతా అట్ల చూస్తాంటే, ఊరికే ఉండలేక చెప్పినా."

శ్యామలమ్మ లేచి నిలబడింది. కొంగు సరిచేసుకుంది. "ఆ బండి పిల్లోడికి ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు. అంత దూరాన ఉండే నీళ్లు మనవి కావులే. చెట్లల్లో ఎన్ని బతికితే అన్ని బతుకుతాయి, మిగతా నేలలో కంది చల్లుకుంటా." బత్తాయి తోట వైపు మాత్రం చూడలేదు.

దేవదానం ఫోన్ చేశాడు. అవతల క్రాంతి కుమార్ గొంతు అందరికీ వినిపించింది. "ఏందన్నా, ఇంకో రెండొందలే గదా!"

"ఆ రెండొందలు ఎంతుంటాయో నువ్వెప్పుడన్నా చూసినావా తమ్ముడూ?" అన్నాడు దేవదానం. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

పైపులు ఆటోకెత్తడానికి అరగంట పట్టింది. కేసింగు చుట్టూ రాకెట్టు చిమ్మిన నీళ్లకు మట్టి ఇంకా తడిగానే ఉంది. దేవదానం బోరు మూతికి రేకు మూత పెట్టి, బోల్టులు బిగించాడు. స్వర్ణలత చేను గట్టు దాకా పోయి గొడుగు గుడ్డను ఏరుకొచ్చి మడత పెట్టింది. శ్యామలమ్మ ఇంట్లోకి పోయి చెంబు నిండా మజ్జిగ తెచ్చి దేవదానం చేతికిచ్చింది. చిక్కటి మజ్జిగ, ఆ బర్రెలదే. ఆయన ఎత్తిన చెంబు దించకుండా తాగాడు. ఆమె ఎదురుగా నిలబడి, తాగడం అయ్యేదాకా ఆగింది.

"ఆ తెలీదన్న మాట," అంది, "నాలుగు బోర్ల కిందట చెప్పింటే బాగుండు గదా నాయనా."

గొంతులో కోపం లేదు. దేవదానం ఖాళీ చెంబు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చెయ్యి చాపింది. చెంబు తిరిగి ఇచ్చాడు.